రోజుకో చోట తెగిన ఫైలు

అన్నమ్మ ఫైలును కంప్యూటర్లోంచి మూడుసార్లు బయటికి తీశారు. మూడుసార్లూ సగమే వచ్చింది.

మూడోసారి శుక్రవారం నాడు. ఆఫీసరు కాగితాలను బల్ల మీద ఆమె వైపు తోశాడు. తొమ్మిది కాగితాలు. తొమ్మిదో దాని పైభాగంలో ఏవో గళ్లు ఉన్నాయి, కింద అంతా బూడిద రంగు. ఆ తర్వాత ఏమీ లేదు.

"అంగూఠా కహాఁ హై?"

వేలిముద్ర వేసిన కాగితం ఎవరి ఫైల్లోనైనా చివరిదే. అన్నమ్మ ఫైలు చివరిదాకా రానే లేదు. ఇచ్చానని ఆమె అన్నది. ఇస్తే ఇందులో ఉండేదని ఆయన అన్నాడు. అసలు కాగితాలు తీసి చూడమన్నది. స్కాన్ చేశాక మూటలు కట్టి గోడౌన్‌లో పడేశారట. కంప్యూటర్లో ఉన్నదే ఉన్నట్టు, లేనిది లేనట్టే. సోమవారం పదకొండు గంటలకు ఆఖరి విచారణ అని చెప్పి ఆయన ఇంకొకరిని పిలిచాడు.

ఇది 2007 నాటి మాట. మయూర్ విహార్ పక్కనున్న బస్తీని ఎత్తేస్తున్నారు. పాత కాపురాలకు నగరం అవతల ప్లాటు ఇస్తామన్నారు. మంచం వేస్తే తలుపు తెరుచుకోని ప్లాటు. అయినా ప్లాటే. పేరు కొట్టేస్తే అదీ లేదు, ఉన్న ఇల్లు బుల్డోజరు కిందకి పోతుంది. అన్నమ్మ కనిగిరి వైపు నుంచి వచ్చి పద్నాలుగేళ్లుగా ఢిల్లీలో ఇటుకలు మోస్తోంది. ఆమె మోసిన ఇటుకలతో లేచిన ఇళ్లలో ఎవరెవరో ఉంటున్నారు. వాళ్లనెవరూ వేలిముద్ర అడగలేదు.

ఆఫీసు బయట సదాశివరావు నిలబడి ఉన్నాడు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా, మయూర్ విహార్‌లో ఫ్లాటు. బస్తీలోని తెలుగువాళ్ల దరఖాస్తులన్నీ సెలవు రోజుల్లో కూర్చుని నింపింది ఆయనే. నోటీసు బోర్డు మీద "అసంపూర్తి ఫైళ్లు" అన్న జాబితా ఉంది. దాన్ని వేలితో దిగుతూ లెక్కపెట్టాడు.

"పంతొమ్మిది మందమ్మా. అందులో పదిహేడుగురు మనవాళ్లే. బీహారోళ్లు ఇద్దరంటే ఇద్దరు."

"అంటే ఏంది సారూ?"

"అంటే ఏంటో నువ్వే చెప్పు. మనవాళ్ల కాగితాలే తెగాయి. కాగితం తనంతట తాను తెగదుగా."

అన్నమ్మ జాబితా వంక చూసింది. చదవడం రాదు. కానీ పదకొండు పేర్ల మీద ఎర్రగీత ఉండడం చూసింది. అవి ఇప్పటికే కొట్టేసినవి. అందులో ఒకటి అంకయ్యది. అంకయ్య రెండు నెలల కిందటే పెళ్లాం పిల్లల్ని తీసుకుని ఊరెళ్లిపోయాడు.

"కంప్యూటరు గదిలో ఒక తెలుగు పిల్లోడు తిరుగుతుంటాడు," అన్నది అన్నమ్మ. "కాగితాలు స్కాను చేసే రోజు నాతో నవ్వుతా మాట్లాడాడు. ఏ ఊరు ఆంటీ, ఎన్నేళ్లయింది ఆంటీ అని. మనోళ్లెవరో వాడికి తెలుసు."

"వాడి పేరేంటి?"

"నవదీపో ఏందో. జియా సరాయ్‌లో ఉంటానన్నాడు."

సదాశివరావు ముఖం గట్టిపడింది. "మనవాడై ఉండి మనవాళ్ల పేర్లు ఏరి ఇచ్చాడన్నమాట."

*

ఆదివారం పొద్దున ఇద్దరూ బస్సు మారి జియా సరాయ్ వెళ్లి, అక్కడి తెలుగు పిల్లల్ని అడిగి గది పట్టుకున్నారు. కోచింగ్ బోర్డుల కింద, ఒకరి భుజం ఒకరికి తగిలే సందులో, మూడో అంతస్తు గది. నవదీప్ తలుపు తీసి అన్నమ్మను గుర్తుపట్టాడు. వెనక సదాశివరావును చూసి సర్దుకున్నాడు. కరీంనగర్ వైపు పిల్లవాడు. నోయిడాలో పదిమంది ఉన్న కంపెనీలో పని. ఆ ఆఫీసుకు ఫైళ్ల ప్రోగ్రాం రాసిచ్చిన కంపెనీ అదే.

"కూసోండ్రి అంకుల్. చాయ్ తాగుతరా?"

"చాయ్ తర్వాత. మా వాళ్ల ఫైళ్లు ఎందుకు కోశావో ముందు అది చెప్పు."

"నేను కోసుడేంది?"

"పంతొమ్మిదిలో పదిహేడు మనవే. నీకు చెప్పిందెవరు?"

"అంకుల్, నాకెవరూ ఏం చెప్పలే. ప్రోగ్రాంల తప్పు లేదు. మేం లెటర్ గూడ ఇచ్చినం."

"ఏం లెటరు?"

నవదీప్ నోరు జారానని తెలుసుకున్నాడు. సదాశివరావు వదల్లేదు. నెల కిందట ఆఫీసు అడిగితే కంపెనీ రాసిచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు, దరఖాస్తుదారులే కాగితాలు పూర్తిగా ఇవ్వలేదు అని. పరీక్షించి చూసినవాడిగా కింద సంతకం నవదీప్‌ది.

"అంటే అబద్ధం మేం ఆడామన్నమాట," అన్నది అన్నమ్మ.

"మిమ్మల్ని అనలే ఆంటీ. నా దగ్గర మంచిగనే వస్తది. చూడుండ్రి, మీ ముందటనే చూపిస్త."

కంప్యూటరు పెట్టాడు. ముప్ఫై కాగితాల నమూనా ఫైలు తెరిచాడు. మొదటి నుంచి చివరిదాకా ఒక్క గీత చెడకుండా వచ్చింది. ఇంకోసారి తెరిచాడు. మళ్లీ వచ్చింది.

"చూసిండ్రు గదా."

"చూశాను," అన్నాడు సదాశివరావు. "నీ గదిలో తెగడంలేదు, అక్కడ తెగుతోంది. అంటే అక్కడ కూర్చుని ఎవరో కోస్తున్నారు. నువ్వు కాకపోతే ఆ ఆఫీసరు."

నవదీప్ కాదనలేదు. అతనికీ ఆ అనుమానం ఉన్నట్టుంది. "అక్కడ సర్వర్ తాళంచెవి ఆయన దగ్గరనే ఉంటది," అన్నాడు మెల్లగా.

అన్నమ్మ సంచిలోంచి మూడు కట్టలు తీసింది. మూడుసార్ల విచారణకు మూడుసార్లు ఇచ్చిన కాగితాలు. నేల మీద పక్కపక్కన పరిచింది.

"నాకు చదువు రాదు గానీ నా కాగితాలు నాకు తెలుసు. ఇది మొదటిసారిది. చర్చి కాగితం దాకా వచ్చింది. రెండోసారి ఇంకా ఎక్కువొచ్చింది, మా ఆయన ఆసుపత్రి చీటీ కూడా పడింది. మొన్న పిల్ల టీకాల కార్డు కాడే ఆగిపోయింది. ఎవడన్నా కత్తితో కోస్తే రోజుకో చోట తెగుద్దా అబ్బాయ్? ఒకసారి కోసింది రెండోసారి ఎట్టా పెరిగింది?"

నవదీప్ నేల మీద కూర్చున్నాడు. మూడు కట్టలూ లెక్కపెట్టాడు. పదమూడు, పదిహేడు, తొమ్మిది. లేచి కంప్యూటర్లో ప్రోగ్రాం తెరిచి ఒక లైను దగ్గర ఆగాడు.

"ఏంది?" అన్నది అన్నమ్మ.

"నాదే ఆంటీ తప్పు."

"అది మేం ముందే అన్నాం," అన్నాడు సదాశివరావు.

"మీరన్న తప్పు గాదంకుల్." అతను అన్నమ్మ వైపు తిరిగాడు. "మీ ఫైలంతా డేటాబేస్‌ల ఒక పెద్ద ముద్దలెక్క ఉంటది. దాన్ని అట్లనే ఎత్తుకొచ్చుడు గాదు. పైపుల నీళ్లొచ్చినట్టు వస్తది. స్ట్రీమ్ అంటం. మీ ఫైలెంతుందో అంత పెద్ద బకెట్ పెట్టిన. ఒక్కసారి చదువు అన్న. వచ్చినకాడికి పట్టుకొని పోయిన. నిండిందా లేదా అని చూడలే."

"ట్యాంకరు కాడ బిందె పెట్టి, నిండకముందే ఎత్తుకుపోయావా?"

"నా దగ్గర ఎప్పుడు పెట్టినా నిండింది ఆంటీ."

"ట్యాంకరు నీ ఇంట్లోనే ఉంది కాబట్టి నిండింది."

అతను తల ఊపాడు. డేటాబేస్ అతని కంప్యూటర్లోనే ఉంది. ఆఫీసులో అది వేరే గదిలో, వేరే యంత్రంలో, పొడుగాటి తీగకు అవతల ఉంది. అక్కడ ఫైలు ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒకరోజు పెద్ద ముక్క, ఒకరోజు చిన్నది. మొదటి ముక్క తీసుకుని ప్రోగ్రాం వెళ్లిపోతోంది. బకెట్‌లో మిగిలిన ఖాళీయే కాగితం మీద బూడిద రంగు. చదివిన ప్రతిసారీ ఎంత వచ్చిందో యంత్రం చెబుతుంది. అయిపోయిందని అది చెప్పేదాకా మళ్లీ మళ్లీ చదవాలి. అతను ఆ అంకె వైపు చూడలేదు. చూడకుండానే తప్పు లేదని సంతకం పెట్టాడు.

"అయితే మనవాళ్లవే ఎందుకు తెగాయి?" సదాశివరావు ఇంకా వదలలేదు.

"చిన్న ఫైలైతే ఒక్క ముక్కలనే వస్తది. ఫారంల అడిగింది నాలుగు కాగితాలు. ఎక్కువ మంది నాలుగే ఇచ్చిండ్రు. మీవోళ్లవి ఇరవై, ఇరవై రెండు. అన్నెందుకు పెట్టిండ్రో నాకర్థం గాలే."

సదాశివరావు వంగి నేల మీది కాగితాలు తిరగేశాడు.

పెట్టించింది ఆయనే. ఇరవై ఆరేళ్ల గుమాస్తా ఉద్యోగం నేర్పిన చదువు అది. ఫైలు లావుగా ఉంటే వెనక్కి పంపడానికి సాకు దొరకదు. అడగని కాగితం కూడా జత చేయాలి, రేపు అడుగుతారేమో. టీకాల కార్డు, చర్చి కాగితం, ఆసుపత్రి చీటీ, ఊళ్లో రేషను కార్డు. ఆఫీసు వాళ్లను ఏనాడూ నమ్మకపోవడం ఆయనకు అన్నం పెట్టిన విద్య. దాన్నే బస్తీకి ఊరికే పంచిపెట్టాడు.

అన్నమ్మ ఆయన వంక ఒకసారి చూసింది. ఒక్కసారే.

"రేపు పదకొండింటికి నా విచారణ," అన్నది నవదీప్‌తో. "ఏం చేస్తావు?"

"తొమ్మిదింటికే పోయి ప్రోగ్రాం మారుస్త. రెండు లైన్ల పని. మీ ఫైలు మొత్తం వస్తది. ఎవరికీ చెప్పకుండ్రి."

"చెప్పకపోతే కొట్టేసిన పదకొండు మంది సంగతి?" అన్నాడు సదాశివరావు. "తప్పు నీదని రాసివ్వు."

"రాసిస్తే నా ఉద్యోగం పోతదంకుల్."

"వాళ్ల ఇళ్లు పోయాయి."

"సారూ, ఆగు," అన్నది అన్నమ్మ. "ముందు నాది రానీ."

సందులో నడుస్తున్నప్పుడు సదాశివరావు అన్నాడు: "వాడు రేపు రాడు. ఫోను కూడా ఎత్తడు. చూస్తూండు."

"వస్తాడో రాడో నాకూ తెలీదు. నీ మాట మాత్రం ఇంక ఊరికే వినను సారూ."

*

అతను వచ్చాడు. సోమవారం పదింటికల్లా కంప్యూటరు గదిలోంచి బయటికొచ్చి, వరండాలో ఉన్న అన్నమ్మను చూడకుండానే తల ఊపాడు.

పదకొండు దాటాక పిలిచారు. ఆఫీసరు నంబరు కొట్టాడు. ప్రింటరు కదిలింది. తొమ్మిది వచ్చాయి, ఆగలేదు. పదమూడు. పదిహేడు. ఇరవై రెండో కాగితం మీద నల్లగా, గుండ్రంగా, అన్నమ్మ బొటనవేలు.

ఆఫీసరు దాన్ని లైటుకు ఎత్తి చూశాడు. ఆయన ముఖంలో సంతోషమేమీ లేదు.

"యే కహాఁ సే ఆయా? శుక్రవార్ తక్ నహీఁ థా."

"మొదట్నుంచీ ఉంది సాబ్," అన్నది అన్నమ్మ హిందీలో.

"మూడుసార్లు తీశాను. నా చేత్తో తీశాను. లేదు. రెండు రోజులు సెలవులు గడిచేసరికి పదమూడు కాగితాలు పుట్టుకొచ్చాయా? ఎవడు పెట్టాడు? ఎవడికి ఏమిచ్చావు?"

సదాశివరావు ముందుకొచ్చాడు. ఆయన్ని చూసి ఆఫీసరుకు ఇంకా అనుమానం పెరిగింది. దలాలీ చేసేవాడివా అన్నాడు. తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. రికార్డులో చొరబాటు, దొంగ పత్రాలు, పోలీసులకు. పేరు కొట్టేస్తారన్నది నిన్నటి భయం. నేడు కేసు.

నవదీప్ గుమ్మం దగ్గరే ఉన్నాడు. గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, నేల చూస్తున్నాడు. అన్నమ్మ అతని వైపు చూసింది. అతను తలెత్తలేదు.

ఆమె బల్ల మీద చెయ్యి వేసింది. ఆఫీసరు రాస్తున్న కాగితం మీదే వేసింది.

"సాబ్, అంకయ్య ఫైలు తీయండి."

"వాడెవడు?"

"మీరు కొట్టేసినోడు. రెండు నెలల కింద ఊరెళ్లిపోయాడు. ఇక్కడ వాడికి పెళ్లాం లేదు, చుట్టం లేదు, ప్లాటు లేదు. నా కాగితాలంటే నేను పెట్టిచ్చా అనుకుందాం. అంకయ్యవి ఎవడొచ్చి పెట్టాడు? తీసి చూడండి."

"నాకు ఆర్డరు వేస్తున్నావా?"

"ఆర్డరు కాదు సాబ్. తీసి చూడండి. రాకపోతే నా పేరు పోలీసులకు రాయండి, ఇక్కడే కూర్చుంటా."

కూర్చుంది కూడా. ఆఫీసరు ఆమెను చూశాడు, సదాశివరావును చూశాడు. బోర్డు మీది జాబితా తెప్పించి అంకయ్య నంబరు కొట్టాడు. ప్రింటరు ఇరవై కాగితాలు కక్కింది. ఇరవయ్యో దాని మీద వేలిముద్ర. ఎవరూ అడక్కుండానే ఆయన ఇంకో నంబరు కొట్టాడు. ఎర్రగీత గీసిన ఇంకొకరిది. అదీ వచ్చింది.

అప్పుడు పెన్ను కింద పెట్టాడు. గుమ్మం వైపు చూశాడు.

"పొద్దున నువ్వేం చేశావు?"

నవదీప్ గొంతు సవరించుకున్నాడు. ప్రోగ్రాం ఫైలును పూర్తిగా చదవడం లేదని, పొద్దున సరిచేశానని హిందీలో చెప్పాడు. ఎంత చిన్నగా చెప్పాడంటే ఆఫీసరు మళ్లీ చెప్పించాడు.

"నెల కిందట తప్పు లేదని సంతకం పెట్టావు కదా."

"పెట్టిన సార్."

"లిఖ్ కే దో. అభీ."

నవదీప్ కుర్చీ లాక్కుని రాశాడు. రాస్తుండగా జేబులో ఫోను మోగింది. చూసి, కట్ చేసి, మళ్లీ రాశాడు. ఆఫీసరు చదివి, తన తప్పు ఇందులో ఎక్కడా లేదని నిర్ధారించుకుని, సంతోషంగా ముద్ర వేసుకున్నాడు. ఇలాంటివాళ్లకు న్యాయం కూడా తమ చేతికి మసి అంటనప్పుడే గుర్తొస్తుంది. రిజిస్టరులో అన్నమ్మ పేరు పక్కన ఏదో రాసి, పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

అన్నమ్మ లేవలేదు. రిజిస్టరు తన వైపు తిప్పుకుంది.

"సారూ, ఏం రాశాడో చదువు. మెల్లగా."

"స్వీకృత్ అని రాశాడమ్మా. ప్లాటు మంజూరు. నీ పేరు, నీ నంబరు."

"మంచిది. నువ్వా పక్కకి పో." ఆయన జరిగాక ఆమె గుమ్మం వైపు చూసింది. "అబ్బాయ్, నువ్వు రా. ఆయన చదివింది నువ్వు వినలేదనుకో. ఇందులో ఏముందో నువ్వు చదువు."

నవదీప్ వంగి చదివాడు. అదే మాట చదివాడు. ఆమె వేలితో అంకెలు ఒక్కొక్కటే అడిగి చెప్పించుకుంది. అప్పుడు లేచింది.

"ఇంకా పద్దెనిమిది మందున్నారు సారూ," అన్నది సదాశివరావుతో, "ఇద్దరు బీహారోళ్లు, ఊరెళ్లిన అంకయ్య సహా. వాళ్ల నంబర్లు రాసుకో. ఈ పిల్లోణ్ణి పోనీమాకు."