ఎనిమిది చిల్లుల కాగితం

కిషన్‌రావు పిస్తోలు కొన్నాడంటే మొదట ఎవరూ నమ్మలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. నలభై తొమ్మిదేళ్ల మనిషి, స్విండన్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు, బాత్రూములో సాలీడు కనిపిస్తే భార్యను కేకేస్తాడు. అలాంటివాడి చేతికి పిస్తోలు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

తప్పంతా డాక్టరుది. బీపీ చూసిన జీపీ, వారానికొక్కసారైనా ఆఫీసు గుర్తుకురాని పనేదైనా చెయ్యమన్నాడు. ఆ మాట పక్కింటి రిటైర్డ్ పోస్ట్‌మన్‌తో అన్నందుకు, ఆయన మంగళవారం సాయంత్రం కిషన్‌రావును చర్చి హాలుకు లాక్కెళ్లాడు. అక్కడ పదిమంది ముసలివాళ్లు వరసగా నిలబడి, ఆరు గజాల దూరాన పెట్టిన అరచేతంత కాగితాలను గాలి పిస్తోళ్లతో కాలుస్తున్నారు. మధ్యలో టీ, బిస్కట్లు. ఆ దేశంలో మామూలు మనిషి అసలు పిస్తోలు ఉంచుకోవడం కుదిరే పని కాదు. గాలి పిస్తోలుకైతే అంత తతంగం లేదు. పద్దెనిమిదేళ్లు నిండినవాడు దుకాణానికి స్వయంగా వెళ్లి, తానెవరో కాగితం చూపిస్తే ఇచ్చేస్తారు.

కిషన్‌రావు వెళ్లాడు, పాస్‌పోర్టు చూపించాడు, షాపులో ఉన్నవాటిలోకెల్లా చవకైన సెమీ ఆటోమేటిక్ పట్టుకొచ్చాడు. నల్లగా, బరువుగా, చూడ్డానికి అచ్చం పోలీసుల నడుముకుండే దానిలాగే ఉంటుంది. పిడిలో వేలెడంత గ్యాస్ డబ్బా దూర్చాలి, ఎనిమిది సీసపు గుళ్లు నింపాలి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి పోతుంది. క్లబ్బులో మిగతావాళ్లవి ఒక్కొక్క గుండే నింపుకునే ఖరీదైన పిస్తోళ్లు. క్లబ్బును నడిపే మార్జరీకి డెబ్బై తొమ్మిదేళ్లు. ఆమె మన కిషన్‌రావు పిస్తోలును అటూ ఇటూ తిప్పి చూసి, ఎనిమిది ఉన్నాయని ఎనిమిదీ హడావిడిగా వదలక్కర్లేదనీ, ఒక్కొక్కదానికీ ఒక ఊపిరి ఖర్చు పెట్టాలనీ చెప్పింది.

ఎనిమిది గుళ్లకు ఎనభై మార్కులు. మొదటిసారి డెబ్బై దాటినవాళ్ల కాగితాన్ని పేరు రాసి హాల్లో బోర్డు మీద గుచ్చడం అక్కడి ఆనవాయితీ. కిషన్‌రావు పది నెలలుగా అరవై దగ్గరే కొట్టుకుంటున్నాడు. ఆ బోర్డు మీద తన పేరు చూసుకోవాలని అతనికి ఎంత ఆశ ఉండేదంటే, ప్రమోషన్ కోసం కూడా అంత తాపత్రయపడలేదు.

ఇక అత్తవారి సంగతి. జగిత్యాలలో అతని అత్తవారిల్లంటే పెద్ద పేరు. భార్య నీలిమకు అన్న గోపాల్‌రావు. రియల్ ఎస్టేట్ చేస్తాడు, లైసెన్సు పిస్తోలు ఉంది. పెళ్లిళ్లకు వస్తే సఫారీ చొక్కా కింద నడుము దగ్గర ఉబ్బెత్తుగా అది కనిపిస్తూ ఉంటుంది, కనిపించకపోతే కనిపించేలా కూర్చుంటాడు. ఆ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా కిషన్‌రావు అల్లుడే గానీ లెక్కలో లేని అల్లుడు. "ఏం కిషన్, ఇంకా గదే టెస్టింగా?" అని బావమరిది పలకరించడం, నలుగురూ నవ్వడం, కిషన్‌రావు కూడా నవ్వడం మామూలైపోయింది. వరసకు బావా అని పిలవాల్సినవాడు ఒక్కసారైనా అలా పిలవలేదన్నది కిషన్‌రావు మనసులో ముల్లులా ఉండేది.

దసరా వచ్చింది. నీలిమ ఆయుధపూజకు పీట వేసి కారు తాళాలు, లాప్‌టాప్, తను ఫార్మసీలో పెట్టుకునే కళ్లజోడు, మిక్సీ, కూతురు రిషిత వయొలిన్ వరసగా పెట్టింది. ఇంట్లో అసలు సిసలు ఆయుధమంటూ ఉన్నది ఒక్కటే కదా అని కిషన్‌రావు పిస్తోలు తెచ్చి మధ్యలో పెట్టాడు. నీలిమ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, గొట్టం మీద బంతిపువ్వు నిలబెట్టింది. "డాడ్, ఇట్స్ బేసికలీ అ టాయ్" అంది రిషిత. కిషన్‌రావు ఆ మాట పట్టించుకోకుండా ఫోటో తీసి, ఏ వ్యాఖ్యా లేకుండా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

పది నిమిషాలు తిరక్కుండా గోపాల్‌రావు నుంచి ఫోన్.

"బావా! గది నీదేనా?"

కిషన్‌రావుకు ముందు ఇంకెవరో అనుకుని మాట్లాడుతున్నాడనిపించింది. "నాదే బావా" అన్నాడు.

"లైసెన్స్ ఎట్ల సంపాయించినవ్?"

"దీనికి ఈడ లైసెన్స్ అక్కర్లేదు బావా."

లైసెన్సు కోసం మూడేళ్లు ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరిగిన మనిషి గోపాల్‌రావు.

"ఎన్ని రౌండ్లు?"

"ఎనిమిది."

"నిజంగ కాలుస్తవా?"

"ప్రతి మంగళారం కాలుస్త."

చెప్పిన ప్రతి మాటా నిజమే. ఆఫీసులో ఒక్క అంకె తేడా వస్తే నాలుగు పేజీల రిపోర్టు రాసే మనిషి, ఇక్కడ మాత్రం చెప్పకుండా మింగిన ఆ ఒక్క మాట గురించి అరలైను కూడా రాసుకోలేదు.

ఆ మర్నాటినుంచి అతని దశ తిరిగింది. అత్తగారు రత్నమ్మ వీడియో కాల్‌లో అల్లుడి ముఖం చూడందే ఫోన్ పెట్టనంది. ఇంగ్లండు సర్కారే పిలిచి పిస్తోలిచ్చిందని ఊళ్లో చెప్పుకుంటున్నారని నీలిమ చిన్నాన్న కబురు చేశాడు. ఆయన ప్రహరీగోడ తగాదాలో ఎదుటివాడికి ఆ పూజ ఫోటో చూపించి, "మా అల్లుడు వస్తుండు" అన్నాడట. ఎదుటివాడు రెండడుగులు జరిగాడట. కిషన్‌రావుకు అది విని భయం వేసింది, గర్వంగానూ అనిపించింది. రెండూ కలిపి చూస్తే గర్వమే ఎక్కువ.

"ఒక్క ముక్క చెప్పి పారేయరాదుండ్రి? గ్యాస్‌ది అని" అంది నీలిమ.

"అడిగినప్పుడు చెప్పిన కద."

"అడగనిది జెప్పలేదు మీరు. రేపు అన్న వస్తే ఏం జేస్తరు?"

నోటి మాట ఊరికే పోలేదు. గోపాల్‌రావు కొడుకు సృజన్ నాటింగ్‌హామ్‌లో ఎంఎస్ పూర్తి చేశాడు, జనవరిలో పట్టా ఇస్తున్నారు. ఆ పని చూసుకుని నాలుగు రోజులు స్విండన్‌లో ఉంటానని గోపాల్‌రావు కబురు పెట్టాడు. "మంగళారం తప్పకుండ పడేటట్టు టికెట్ చేసిన బావా. నీ ఫైరింగ్ చూడాలె" అని గ్రూపులోనే రాశాడు. కింద పదిహేడుమంది చప్పట్లు కొట్టారు.

కిషన్‌రావుకు నిద్ర పట్టడం మానేసింది. హాలు మరమ్మతులో ఉందని చెబుదామనుకున్నాడు. జ్వరమొచ్చిందని చెబుదామనుకున్నాడు. బీపీ తగ్గడానికి మొదలుపెట్టిన పనివల్ల బీపీ మళ్లీ పెరిగిందని జీపీతో చెప్పుకోలేక మాత్ర మాత్రం పెంచుకున్నాడు. పిస్తోలు పోతే పోయింది, "బావా" అన్న పిలుపు పోతుందని అతని బాధ.

మంగళవారం రానే వచ్చింది. గోపాల్‌రావు సూటు వేసుకుని, సెంటు కొట్టుకుని బయల్దేరాడు. పోలీసు అకాడమీలాంటిదేదో ఊహించుకున్నట్టున్నాడు. హాలు గుమ్మంలో పసిపిల్లల మూడు చక్రాల సైకిళ్లు, గోడకు పిల్లలు వేసిన ఇంద్రధనుస్సులు, మూల పెద్ద టీ డేక్సా. మార్జరీ ఊలు స్వెటర్ వేసుకుని ఎదురొచ్చి, గోపాల్‌రావు చేతిలో ప్లాస్టిక్ కళ్లద్దాలు పెట్టి, అవి లేకుండా లోపలికి రావద్దంది.

కిషన్‌రావు పెట్టె తాళం తీశాడు. గోపాల్‌రావు పిస్తోలును రెండు చేతులతో అందుకున్నాడు. పిడి వెనకభాగం ఊడి గ్యాస్ డబ్బా బయటికి జారింది. డబ్బాను చూశాడు, మిరియపు గింజంత సీసపు గుళ్లను చూశాడు, ఆరు గజాల దూరాన వేలాడుతున్న కాగితాన్ని చూశాడు. చివరికి కిషన్‌రావును చూశాడు. ఆ చూపులోనే ఇరవై రెండేళ్ల "ఏం కిషన్" అంతా వినిపించింది.

పోవలసిందంతా పోయాక ఇక వణకడానికి చేతికి కారణమేముంది? కిషన్‌రావు గీత దగ్గర నిలబడి, మార్జరీ చెప్పినట్టు ఒక్కొక్క గుండుకూ ఒక్కొక్క ఊపిరి చొప్పున ఎనిమిదీ కాల్చాడు. మార్జరీ కాగితం తెచ్చి, కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు కూడింది. డెబ్బై నాలుగు. కింద అంకె వేసి సంతకం పెట్టి, హాలంతా వినిపించేలా చదివింది. ముసలివాళ్లు చప్పట్లు కొట్టారు. పక్కింటి పోస్ట్‌మన్ వచ్చి వీపు తట్టాడు. కిషన్‌రావు కళ్లలో నీళ్లు తిరిగాయి, ప్లాస్టిక్ అద్దాల వెనక కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అంతలో మార్జరీ అతిథిని కూడా కాల్చమంది. అసలు పిస్తోలున్న మనిషని కిషన్‌రావు ముందే చెప్పి ఉన్నాడు. గోపాల్‌రావు కోటు గుండీ విప్పుకుని గీత దగ్గరికి వెళ్లాడు. పిస్తోలు పట్టుకున్నాడు, పట్టుకోగానే వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. మార్జరీ గద్దించి ఆ వేలు తీయించింది. సేఫ్టీ మీట ఎటు తిప్పాలో తెలియక అటూ ఇటూ వెతికాడు. మొదటి గుండు పేలబోయేముందు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఎనిమిదింట్లో ఏడు వెనకనున్న చెక్కకు తగిలాయి, ఒకటి పక్కవాళ్ల కాగితంలో పడింది. పక్కావిడ మర్యాదగా థాంక్యూ చెప్పింది.

ఇంటికి వస్తూ కారు సగం దారి దాటింది.

"బావా," అన్నాడు గోపాల్‌రావు. "ఒకటి జెప్త, ఎవ్వలకు అనకు."

"చెప్పు బావా."

"లైసెన్స్ వచ్చి పదకొండేండ్లాయె. ఒక్క గుండు గూడ పేల్చలే. బీరువల అమ్మ పట్టుచీరెల కింద ఉంటది. ఎలక్షన్లొస్తే స్టేషన్ల అప్పజెప్తం గద, గప్పుడు నాకు పానం హాయిగ ఉంటది."

"మరి పెండ్లిళ్లల్ల నడుముకు ఉండేది?"

"కవర్ ఒక్కటే. లోపట దస్తి మడిచి పెడుత."

కిషన్‌రావు కారు పక్కకు ఆపాల్సి వచ్చింది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఇరవై రెండేళ్లలో ఒకరిని చూసి ఒకరు కాక, కలిసి నవ్వడం అదే మొదలు. నీది నేను చెప్పను, నాది నువ్వు చెప్పకు అని మాటైపోయింది. దిగేముందు గోపాల్‌రావు డాష్‌బోర్డు మీదున్న కాగితం చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని ఇంట్లో చూపించి వచ్చే మంగళవారం తెస్తానని కిషన్‌రావు మార్జరీ దగ్గర అడిగి తెచ్చుకున్నాడు.

"ఇది నేను పెట్టుకుంట బావా. యాదికి."

ఆ సమయంలో అడిగితే కిషన్‌రావు కారు కూడా ఇచ్చేసేవాడు. "తీస్కపో బావా" అన్నాడు.

గోపాల్‌రావు శుక్రవారం విమానం ఎక్కాడు. శనివారం గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ఎనిమిది చిల్లుల కాగితం, కింద మార్జరీ సంతకం, పక్కన గోపాల్‌రావు బొటనవేలు. "స్విండన్, యూకే. 8 రౌండ్లు. 74/80. చెయ్యి ఇంకా మరువలే" అని రాశాడు. దండాలు, చప్పట్లు, కత్తులు, సింహాలు వరసకట్టాయి. రత్నమ్మ గొంతు రికార్డు చేసి పంపింది: "మా గోపాల్ చెయ్యంటే చెయ్యే. కిషన్‌కు గూడ జర నేర్పి రావద్దారా?" దానికి గోపాల్‌రావు జవాబు: "నేర్పిననే అమ్మా. కిషన్ జర బెదురుతడు గని, మంచిగనే పట్టుకుంటుండు."

కిషన్‌రావు ఆ మాటను మూడుసార్లు చదువుకున్నాడు. కాగితం పోయింది. దానితోపాటు బావా అన్న పిలుపూ పోయి మళ్లీ కిషన్ అయ్యాడు.

"రాయుండ్రి," అంది నీలిమ, కోపంతో ఊగిపోతూ. "అవి మీ చిల్లులని రాయుండ్రి. లేకుంటే నేను రాస్త."

"రాస్తే ఆయన గ్యాస్ సంగతి రాస్తడు."

"రాయనీయుండ్రి."

కిషన్‌రావు చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. "అవి నావి" అని టైపు చేశాడు. చెరిపాడు. చివరికి అందరిలాగే తనూ ఒక బొటనవేలి బొమ్మ పెట్టాడు. నీలిమ అతని వైపు చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మంగళవారం హాలుకు వెళ్లేసరికి బోర్డు మీద కిషన్ అని అందంగా రాసిన చీటీ ఉంది. కింద ఖాళీ జాగా, గుచ్చడానికి సిద్ధంగా రెండు పిన్నులు. కాగితమేదని మార్జరీ చెయ్యి చాపింది. ఇండియా వెళ్లిపోయిందన్నాడు. అయితే మరొకటి కాల్చమంది, డెబ్బై దాటినవాడికి అదేం పెద్ద పనంది. అతను కాల్చాడు. యాభై ఎనిమిది వచ్చింది. మార్జరీ చీటీ తీసి జాగ్రత్తగా డ్రాయర్లో పెట్టింది.

మర్నాడు ఆఫీసులో ఉండగా గోపాల్‌రావు ఫోన్ చేశాడు. వెనక నలుగురైదుగురి మాటలు వినిపిస్తున్నాయి.

"ఏం కిషన్, నిన్న మంగళారమే గద. ఎంతొచ్చింది?"

"యాభై ఎనిమిది."

"చెయ్యి వణకనియ్యకు కిషన్. తొందర వద్దు. ఒక్కొక్క గుండుకు ఒక్కొక్క ఊపిరి పెట్టాలె."

"సరే బావా" అన్నాడు కిషన్‌రావు.