రెండో గోల్‌కీపర్

పదకొండేళ్ళు కలకత్తా, గోవా ఫుట్‌బాల్ క్లబ్బుల్లో గోల్‌కీపర్‌గా జీతం తీసుకున్నాను. ఆడినవి మాత్రం ఆరు మ్యాచ్‌లు. మిగతా కాలమంతా బెంచీ మీదే. మెయిన్ కీపర్‌కు దెబ్బ తగలకూడదని పైకి అనేవాడిని, తగిలితే బాగుండునని లోపల అనుకునేవాడిని. మదనపల్లెలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. మిషన్ కాంపౌండ్‌లో నేను ‘ఇండియా ప్లేయర్ మోజెస్ సార్‌’ని. నేనూ కాదనలేదు. నా భార్య ఫ్లారెన్స్ చనిపోయాక, నిజం చెప్పుకోవడానికి ఇంట్లో మనిషే లేదు.

ఇప్పుడు ఆడపిల్లల టీముకు కోచ్‌ని. మెయిన్ కీపర్ గ్లోరియా. రెండో కీపర్ యమున రామకుప్పం రైతుబిడ్డ, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుతోంది. రెండేళ్ళుగా ఒక్క మ్యాచ్ ఆడలేదు. బెంచీ మీద ఆ పిల్లను చూస్తే నాకు నేనే కనిపించేవాడిని. ఫైనల్ వాళ్ళ ఊరికి దగ్గర్లోనే, కుప్పంలో అని తెలియగానే ఆ పిల్లకు మాటిచ్చేశాను.

“మీ నాయన్ను రమ్మను. సెకండాఫ్ నువ్వే ఆడేది.”

వాళ్ళ నాయన వెంకటముని వచ్చాడు. అడవిలోంచి ఏనుగులు దిగుతున్నాయని రాత్రంతా రాగిచేలో కాపలా ఉండి, తెల్లారి బస్సెక్కి, ఎర్రబడిన కళ్ళతో గోడవారగా కూర్చున్నాడు. పది నిమిషాలకే తల వాలిపోయింది.

పుంగనూరు టీము మీద మేం ఒక్క గోలు ముందున్నాం. గ్లోరియా దేన్నీ వదలడం లేదు. హాఫ్‌టైమ్‌లో యమున లేచి గ్లవ్స్ వేసుకుంది. నేనటు తిరగలేదు. ఇంకో పది నిమిషాలు చూద్దామనుకున్నాను. తర్వాత ఇంకో పది. నన్ను కూర్చోబెట్టిన కోచ్‌లందరినీ తిట్టుకున్నవాడిని, ఆ రోజు నేనూ ఆ పిల్లను కూర్చోబెట్టాను. ఓడిపోతామేమోనని భయపడ్డాను, అంతే.

గెలిచాం. పిల్లల అరుపులకు వెంకటముని ఉలిక్కిపడి లేచాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. వెనకే యమున.

“తప్పయిపోయిందప్పా. కునుకు పట్టేసినాది. మా పాప ఆడేది సూడలేకపోతిని,” అన్నాడు.

తప్పు చేసింది నేను, తలవంచుకుంది ఆయన. నిజం చెప్పాల్సింది అప్పుడే.

“బాగా ఆడిందప్పా. రెండు గోల్స్ ఆపింది,” అన్నాను.

“రెండా?” ఆయన ముఖం విప్పారింది.

యమున మట్టి అంటని గ్లవ్స్‌ను వీపు వెనక పెట్టుకుంది.

“మూడు నాయనా,” అంది, నా వైపు చూడకుండా.

తిరుగు బస్సులో నా పక్క సీటొక్కటే ఖాళీ. యమున మదనపల్లె దాకా నిలబడే వచ్చింది.