సఫ్రా పిల్ల

సిరొంచలో హకీమ్ కరీమ్ సాబ్ నాడి పట్టి చూడని మనిషి లేడు. జ్వరానికి మందే కాదు, ఎవరు ఏ పనికి పనికొస్తారో కూడా ఆయనే చెప్పేవాడు. ఆయన లెక్కలో మనుషులది నాలుగు రకాల మిజాజ్, అంటే ఒంటి తత్వం. నెత్తురు ఎక్కువైన వాడు సరదా మనిషి, దుకాణంలో కూర్చోబెట్టు. కఫం ఎక్కువైన వాడు నిదానస్తుడు, పొలానికి పంపు. నల్లపిత్తం వాడు దిగులుమొహం, వాడి మానాన వాణ్ని వదిలెయ్యి. ఇక సఫ్రా, అంటే పచ్చపిత్తం. అది నిప్పు, ఎక్కడ పెట్టినా ప్రమాదమే. ఊరంతా ఆయన చేతికి నాడి ఇచ్చి, ఆయన చెప్పిన మనిషై బతికేది.

జకియా ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడే ఆయన సఫ్రా అని తేల్చేశాడు. నాడి ఉరుకుతోంది, ఈ పిల్లకు రోగుల్నీ పసిపిల్లల్నీ అప్పజెప్పొద్దు, తొందరపడి కొంప ముంచుతుంది అన్నాడు. అప్పటినుంచి గిన్నె జారినా సఫ్రా, గట్టిగా నవ్వినా సఫ్రా. చివరికి ఆ పిల్లా నమ్మింది. పక్కింటి పసివాణ్ని ఎత్తుకోబోయి చేతులు వెనక్కి తీసుకునేది. పాపం, తన చేతులంటే తనకే భయం.

అలాంటిది, నిరుడు తండ్రి ఫజల్ తన దుకాణం సరుకుకు చాందా వెళ్లినప్పుడు తల్లి సుగ్రా జ్వరంతో పడిపోతే, జకియా తొణక్కుండా బెణక్కుండా దగ్గరుండి చూసుకుంది. అది చూసిన ఆస్పత్రి నర్సు కిష్టమ్మ నాగపూర్‌లో నర్సు చదువుకు సీటు మాట్లాడింది. తెల్లవారితే ఆ దారిన పోయే అల్లపల్లి బస్సు ఎక్కాలి. ఫజల్ ఒక్కటే మాటన్నాడు, హకీమ్ సాబ్ సరేనంటేనే అని.

ఫజల్ ఎన్నడూ చెయ్యి చేసుకున్నవాడు కాదు. గొంతు చాలు. ఆయన చెప్పులకు అడుగున ఇనుప నాడాలు కొట్టించుకున్నాడు. ఆ చప్పుడు వినిపిస్తే ఇంట్లో మాటలు ఆగిపోయేవి.

సాయంత్రం హకీమ్ సాబ్ వచ్చాడు. ఎదిగిన పిల్ల కనుక జకియా పరదా వెనక కూర్చుని చెయ్యి మాత్రం బయటికి చాపింది. నాడి నెమ్మదించాలని పొద్దున్నుంచి మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. అయినా గుండె దడదడలాడుతూనే ఉంది.

అదే నాడి, సఫ్రా ఎక్కడికీ పోలేదన్నాడు హకీమ్. అయితే బస్సూ లేదు, ఏమీ లేదన్నాడు ఫజల్.

అంతలో అంకిస ఊరి రైతెవరో ఉప్పు కావాలని దుకాణం ముందు నిలబడి పిలిచాడు. చెప్పులు టకటకమంటూ దూరమయ్యాయి. హకీమ్ వేళ్లు ఇంకా మణికట్టు మీదే ఉన్నాయి. జకియాకు తెలియకుండానే ఊపిరి కుదుటపడింది, దడ తగ్గింది. హకీమ్ వేళ్లు ఒక్కసారి గట్టిగా అదిమాయి. మళ్లీ చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది, నాడి ఎగిరిపడింది.

ఆయనకు అర్థమైంది. ఆమెకూ అర్థమైంది. ఆయన నోరు విప్పుతాడని జకియా ఎదురుచూసింది. హకీమ్ మాత్రం చెయ్యి వదిలేశాడు. ఇన్నేళ్ల పేరు, ఒక ఆడపిల్ల కోసం ఎవరు పోగొట్టుకుంటారు? జకియాకు ఒళ్లు మండింది. వద్దన్నట్టు పక్కన కూర్చున్న సుగ్రా ఆమె భుజం పట్టుకుంది.

"హకీమ్ సాబ్, అబ్బా బయటికి పోయినప్పుడు నా నాడి ఎట్లుండె?"

పిల్లేమంటోందని ఫజల్ గద్దించాడు. ఆ గద్దింపుకు కూడా జకియా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అలాగే చాపి ఉంచింది. హకీమ్ మళ్లీ ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"నెమ్మదిగ ఉండె, బేటీ" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఫజల్ మియా, ఇన్నేండ్లు నేను పిల్ల మిజాజ్ చూడలే. నీ చెప్పుల చప్పుడు చూసిన" అన్నాడు.

ఫజల్ ఎన్నడూ లేనంత మెల్లగా అడిగాడు.

"మరి నీది ఏం మిజాజ్, బిడ్డా?"

"నాకెర్కలేదు అబ్బా. నన్ను నేను ఎన్నడు చూసుకోనిస్తిరి? పోయి చూసుకుంట."

ఫజల్ సరే అనలేదు, కాదనీ అనలేదు. ఆ రాత్రంతా జకియా ఆ చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకుంది. అది వినిపించలేదు. తెల్లవారుతుండగా ఎవరో భుజం తట్టి లేపితే ఉలిక్కిపడి చూసింది. ఫజల్ ఆమె పెట్టె ఎత్తుకుని, వట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు.