ఎండకి కాలిన మట్టిబిళ్ళ

ఈస్టర్‌కి ముందొచ్చే మట్టలాదివారం పొద్దున చర్చిలో అడుగుపెట్టగానే హెలెనమ్మకి దేవుడి మీద కోపమొచ్చింది. దేవుడి మీదంటే మరీ ఆయన మీద కాదులెండి, ఆయన బల్ల మీద. ఆ బల్ల మీద ఇత్తడి గిన్నెలో, ఒక్కటంటే ఒక్కటి వాలకుండా నిటారుగా నిలబడ్డ గ్లాడియోలస్ పూల మీద.

ఎందుకు రాదూ? భవానీపురంలో ఆ చర్చి కట్టినప్పటి నుంచీ, అంటే ఇరవై రెండేళ్ళుగా, ఆ బల్ల మీద పూలు పెట్టేది హెలెనమ్మ. పాస్టర్లు మారారు, కీబోర్డు వాయించేవాళ్ళు మారారు, ఫ్యాన్లు పోయి ఏసీలొచ్చాయి. హెలెనమ్మ పూలు మాత్రం మారలేదు. శనివారం మధ్యాహ్నం ఆటోలో వన్‌టౌన్ వెళ్ళి, పూలవాళ్ళతో పోట్లాడి నాలుగు కట్టలు తెచ్చేది. గిన్నెలో ఇసక పోసి, కాడలని అరటినారతో కట్టి గుచ్చేది. ప్రసంగం సగంలోకొచ్చేసరికి ఓ నాలుగు పూలు తల వాల్చేసేవి. వాల్చితే వాల్చాయి, ప్రసంగం సగంలో తల వాల్చేసేవాళ్ళు జనంలో మాత్రం లేరా ఏంటి! ఎవరూ పట్టించుకోలేదు.

ఆ వారం ఖర్మకాలి హెలెనమ్మకి జ్వరమొచ్చింది. శనివారం మంచం దిగలేకపోయింది. ఒక్క వారం, ఒకే ఒక్క వారం. ఆ సందులో జెస్సికా దూరింది.

జెస్సికా అంటే మూడు నెలల కింద గుడివాడ నుంచి వచ్చిన పిల్ల. భర్తకి ఇక్కడ బ్యాంకులో ఉద్యోగం. ముప్ఫై దాటవు, గొంతు బాగుంటుంది, చీర బాగా కడుతుంది, పెద్దవాళ్ళు కనబడితే ముందు తనే వందనాలు చెబుతుంది. తిట్టుకుందామంటే ఎక్కడా పట్టు దొరకని మనిషి. హెలెనమ్మకి ఒళ్ళు మండేది అందుకే.

ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా బల్ల చుట్టూ మూగారు. “ఇదేం మాయే తల్లీ, ఇలా నిలబడ్డాయి!” అని ఒకటే గోల. జెస్సికా నవ్వుతూ గిన్నెలోంచి ఒక బిళ్ళ తీసి చూపించింది. అరచేతంత మట్టిబిళ్ళ, దాని నిండా చిల్లులు. ఒక్కో చిల్లులో ఒక్కో కాడ గుచ్చితే ఇక కదలదన్నమాట.

“కొన్నది కాదండీ, ఇంట్లో చేసుకున్నదే. కాలవగట్టు బంకమట్టి తెచ్చి, రాళ్ళేరి, చపాతీ పిండిలా బాగా పిసికి, రెండు వేళ్ళ మందాన తట్టాలి. పెన్నుతో చిల్లులు పొడవాలి. బాగా ఆరబెట్టి...”

హెలెనమ్మ స్తంభం పక్కన పాటల పుస్తకాలు సర్దుతున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించి వింటోంది. సరిగ్గా అప్పుడే పాస్టరుగారి భార్య కృప, “ఇన్నేళ్ళకి మన బల్లకి కళొచ్చిందమ్మా!” అనేసింది.

ఇన్నేళ్ళకి! అంటే ఈ ఇరవై రెండేళ్ళూ ఆ బల్ల కళ లేకుండానే ఏడ్చిందా? హెలెనమ్మకి తల కొట్టేసినట్టయింది. మిగతాది వినడానికి అక్కడ నిలబడితేగా! చేతిలో పుస్తకాలు అలాగే పడేసి విసవిసా బయటికి వచ్చేసింది.

సాయంత్రం కృపగారు ఇంటికొచ్చింది. జ్వరం సంగతి అడిగి, మంచినీళ్ళు తాగి, మెల్లగా అసలు విషయం కదిపింది. “హెలెనక్కా, మీ ఒంట్లో బాగోలేదు కదా. ఈస్టర్‌కి కూడా జెస్సికాని పెట్టనివ్వకూడదూ?”

“నేనింకా బతికే ఉన్నానమ్మగారూ!” అని ఒంటికాలి మీద లేచింది హెలెనమ్మ.

కృపగారు కంగారు పడిపోయింది. “అయ్యో, నా ఉద్దేశం అది కాదక్కా. సరే, ఈస్టర్‌కి మీరే పెట్టండి. ఆ తర్వాత ఎవరు పెట్టాలో కమిటీ వాళ్ళు చూస్తారట.”

కమిటీ చూస్తుందట! అంటే ఇది పరీక్షన్నమాట. ఈ వయసులో, అదీ నిన్నగాక మొన్న వచ్చిన పిల్లతో. హెలెనమ్మకి పిల్లల్లేరు, ఉద్యోగం చెయ్యలేదు, చర్చిలో పాడేంత గొంతూ లేదు. ఎవరైనా కొత్తవాళ్ళకి ఆవిణ్ణి చూపిస్తే “పూలు పెట్టే ఆవిడ” అనేవాళ్ళు. ఆ ఒక్క మాటా పోతే ఇక తనని ఏమని చెబుతారు?

సోమవారం జెస్సికా ఫోన్ చేసింది. “ఆంటీ, నా దగ్గర ఇంకో బిళ్ళ ఉందండీ, ఈస్టర్‌కి ఇమ్మంటారా?”

“అక్కర్లేదమ్మా, నా దగ్గర బోలెడున్నాయి,” అని అబద్ధమాడేసింది హెలెనమ్మ. ఆడేశాక ఇక చెయ్యక చస్తుందా? ఆ సాయంత్రమే సంచీ పట్టుకుని కాలవగట్టుకి పోయింది.

మట్టి తెచ్చింది, రాళ్ళేరింది, పిసికింది, తట్టింది, పెన్నుతో చిల్లులు పొడిచింది. పొడుస్తున్నప్పుడు ఆ పిల్ల మొహం గుర్తొస్తే ఒకట్రెండు చిల్లులు కాస్త గట్టిగానే పడ్డాయి. డాబా మీద చాప వేసి, ఊరమిరపకాయల పక్కన మూడు బిళ్ళలు ఎండబెట్టింది. భర్త రత్తయ్య, రైల్వేలో చేసి రిటైరైన మనిషి, బట్టలు తీయడానికి పైకొచ్చి చూశాడు.

“ఏంటే ఇవి, గారెలా? గారెకిన్ని చిల్లులేంటే?”

“అవును, గారెలే. తింటారా?”

“పచ్చడుంటే తింటా,” అని నవ్వుకుంటూ దిగిపోయాడాయన.

బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదుగా. డాబా మీద అడుగేస్తే బొబ్బలొస్తాయి. ఆ ఎండకి రెండు బిళ్ళలు నెర్రెలిచ్చి పగిలాయి గానీ, మూడోది రాయిలా గట్టిపడింది. శనివారం వేలితో కొడితే టక్కుమంది. ఇంత ఎండకి కాలకపోతే ఇంక దేనికి కాలుతుంది? హెలెనమ్మ దాన్ని పాత చీరముక్కలో చుట్టి గర్వంగా చర్చికి తీసుకెళ్ళింది.

తెల్ల లిల్లీలు, తెల్ల గులాబీలు, మధ్యలో పసుపు గ్లాడియోలస్. ఒక్కో కాడా చిల్లులో దిగి కదలకుండా నిలబడుతుంటే హెలెనమ్మకి కడుపు నిండిపోయింది. ‘ఇదా నీ గొప్ప? ఇంతేనా?’ అనుకుంది. అన్నీ గుచ్చాక ఆఖరున గిన్నెలో చెంబుడు నీళ్ళు పోసి, లైట్లార్పి ఇంటికొచ్చి, వారంలో మొదటిసారి కంటినిండా నిద్రపోయింది.

ఈస్టర్ ఆరాధన ఆరింటికి. హెలెనమ్మ అయిదున్నరకే తెల్లచీర కట్టుకుని వచ్చింది. పూలు బ్రహ్మాండంగా ఉన్నాయి. నిన్న తను పెట్టినదానికంటే కూడా బాగున్నాయి. అదేంటి, రాత్రికి రాత్రి పూలు ఎదుగుతాయా? దగ్గరికెళ్ళి గిన్నెలోకి తొంగి చూసింది.

నీళ్ళలో బిళ్ళ ఎర్రగా ఉంది. తనది బూడిదరంగు బిళ్ళ. ఇది కుండలా ఎర్రగా, నున్నగా ఉంది. కుండ! ఆ మాట తట్టగానే హెలెనమ్మకి అంతా అర్థమైపోయింది. ఎండబెట్టిన పచ్చికుండలో ఎవరైనా నీళ్ళు పోస్తారా? కుమ్మరి ఆవంలో పెట్టి కాల్చాకే కదా కుండ కుండయ్యేది! ఆ రోజు ‘ఆరబెట్టి’ తర్వాత ఆ పిల్ల చెప్పింది అదే అయ్యుంటుంది. అది విననివ్వకుండా తనని బయటికి ఈడ్చుకుపోయింది తన కుళ్ళే.

బల్ల మీద గుడ్డ ఎత్తి చూసింది. వెనక వైపుకి తిప్పేసిన భాగమంతా బురద మరక. తన బిళ్ళ కరిగి, కాడలన్నీ కూలి, బురదనీళ్ళు గుడ్డ మీదికి పారాయన్నమాట. తనకంటే ముందు ఎవరో వచ్చి, అంతా తుడిచి, గుడ్డ తిప్పి, తన పూలనే మళ్ళీ తన పద్ధతిలోనే పెట్టారు. ఎవరో ఏంటి, ఇంకెవరు! పక్కకి చూస్తే పాటలవాళ్ళ బెంచీ మీద జెస్సికా పుస్తకం తిరగేస్తూ కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్ళ అంచున మట్టి. ఈవిణ్ణి చూసి, ఏమీ ఎరగనట్టు, “వందనాలు ఆంటీ, పూలు చాలా బాగున్నాయండీ,” అంది.

హెలెనమ్మకి సిగ్గేసిందనుకుంటున్నారా? వేసింది, ఓ రెండు నిమిషాలు. ఆ తర్వాత మళ్ళీ మంటే. వచ్చేవాళ్ళంతా వచ్చి “హెలెనమ్మగారూ, అదరగొట్టేశారు!” అంటుంటే ఒక్కో మాటా ముల్లులా గుచ్చుకుంది. పూల విషయంలో ఆ పిల్ల గెలిచింది, సరే. ఇప్పుడు మంచితనంలో కూడా గెలిచేసిందే! తెలిసినవాళ్ళు ఇద్దరే, అయినా గెలుపు గెలుపేగా. జన్మంతా ఈ పిల్లని చూసినప్పుడల్లా తను చిన్నదైపోవాలా? పూలూ దానికే, మంచీ దానికేనా?

ప్రసంగం అయింది. పాస్టరుగారు, “దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?” అని అడిగారు. హెలెనమ్మ ఇరవై రెండేళ్ళలో ఏనాడూ మైకు పట్టుకోలేదు. ఇవాళ లేచి చరచరా ముందుకి నడిచింది.

“అందరికీ వందనాలు. ఆ పూలు నేను పెట్టినవి కావు. నా బిళ్ళ నీళ్ళలో కరిగి బురదైపోయింది. ఈ జెస్సికా పొద్దున్నే వచ్చి, అదంతా ఎత్తిపోసి, తన బిళ్ళ వేసి, నా పరువు కాపాడింది. ఎవరికీ చెప్పలేదు. ఈ పిల్లని చూసి వారం రోజులుగా నేను కుళ్ళిపోతున్నాను. ఇప్పుడైనా ఏదో మంచితనంతో చెబుతున్నాననుకోకండి. మంచితనంలో కూడా ఇదే గెలిచేస్తుందేమోనన్న ఏడుపుతోనే చెబుతున్నాను!”

ఆ ఆఖరి ముక్క ఎవరు విన్నారు! అప్పటికే హల్లెలూయాలు హోరెత్తిపోయాయి. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. కృపగారు పరుగున వచ్చి హెలెనమ్మని కావలించుకుని మైకు లాక్కుంది. “ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఏముంటుందండీ? ఈ వయసులో ఇంత తగ్గింపు మనసా! ఎవరు ఏమన్నా సరే, హెలెనక్క ఓపికున్నన్నాళ్ళూ ఆ బల్ల హెలెనక్కదే!” చర్చంతా చప్పట్లు. కమిటీ వాళ్ళు కూడా కొట్టారు. బల్ల పోతే పోనీ అని లేచిన మనిషికి బల్ల దక్కింది.

ఆరాధన అయ్యాక ఆవరణలో ఇడ్లీలు పెడుతున్నారు. జనమంతా హెలెనమ్మ చుట్టూనే. వాళ్ళని తప్పించుకుని వెళితే, గోడ పక్కన జెస్సికా ఒక్కతే ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది. ఇడ్లీని స్పూనుతో పొడుస్తోంది గానీ తినట్లేదు.

“బిళ్ళకి థాంక్సమ్మా,” అంది హెలెనమ్మ.

“పర్లేదండీ,” అంది జెస్సికా తలెత్తకుండా. ఇంకో రెండు పోట్లు పొడిచి, ఇక ఆగలేకపోయింది. “ఎందుకైనా మంచిదని బిళ్ళ పట్టుకుని అయిదింటికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ బురదంతా తుడిచింది నేనండీ. ఎవరికీ తెలియకూడదనే తుడిచాను, ఒట్టు. కానీ తెలిశాక కూడా... నా దగ్గరికి ఒక్కరూ రాలేదు. చప్పట్లు మీకు, బల్లా మీకే!” అనేసి నాలిక్కరుచుకుంది. ముక్కు ఎర్రబడిపోయింది, కళ్ళల్లో నీళ్ళు.

హెలెనమ్మ ఆ మొహాన్ని కన్నార్పకుండా చూసింది. నవ్వు, జాలి రెండూ ఒకేసారి పొంగుకొచ్చాయి. ఎక్కడా పట్టు దొరకని ఆ పిల్ల మీద మొట్టమొదటిసారి చెప్పలేనంత ప్రేమ పుట్టింది. ఒకడుగు దగ్గరికి జరిగి, చుట్టూ ఎవరూ వినట్లేదని చూసుకుని, మెల్లగా అడిగింది.

“మండుతోందా?”

“మండుతోందండీ,” అంది జెస్సికా.