పద్నాలుగో రోజు గుడ్లు

"కళ్ళు మూసుకుని చేసే పనికి కూడా అలసటేనా?" అని భర్త బావ్‌షెంగ్ పొద్దున్నే నవ్వాడు.

రుయ్‌లన్, గుడ్లు పొదిగించడానికి వేడి ఊక నింపిన గాబులోంచి గుడ్డు తీసి, మూసిన కనురెప్పకి ఆనించి, వేడి సరిగ్గా ఉందనుకున్నాక తిప్పి లోపల పెట్టింది. తర్వాత ఇంకోటి. పద్దెనిమిదేళ్ళుగా రోజుకి ఆరుసార్లు ఇదే పని. మధ్యలో వంట, పందుల మేత, అత్తగారి మోకాళ్ళకి కాపడం. పెళ్ళిచూపుల్లో అత్తగారు ఆమె ముఖం సరిగ్గా చూడనే లేదు. రెండు గుడ్లు రెప్పలకి ఆనించి, "ఏది వేడి?" అని అడిగింది. చెప్పగానే, "నా కొడుక్కి పెళ్ళాం ఎక్కడైనా దొరుకుతుంది, ఇలాంటి రెప్ప దొరకదు" అంది. అందరూ నవ్వారు. అది పొగడ్తేనా అని రుయ్‌లన్ ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటుంది.

ఇవాళ పద్నాలుగో రోజు. గుడ్లని వెలుతురుకి పెట్టి, లోపల బతికున్నవేవో చచ్చినవేవో ఏరే రోజు. ఊరంతా గుడ్ల మేస్త్రి అని పిలిచేది బావ్‌షెంగ్‌నే. టౌన్ ఆఫీసు నుంచి పాంగ్ మేడమ్ అతని పని చూడ్డానికి వస్తోంది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలకి ఈ పని నేర్పడానికి ఒక మేస్త్రి కావాలట.

"వారానికి మూడు రోజులు," అన్నాడు బావ్‌షెంగ్, ఎప్పట్లాగే పెళ్ళాన్ని కూతురి పేరుతో పిలుస్తూ. "నువ్వూ రావాలి మరి, యింగ్ వాళ్ళమ్మా. వెనకాల నిలబడి గుడ్లు అందించాలి కదా."

అందించడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. మధ్యాహ్నం గది తలుపులు మూసేస్తే, పడమటి తలుపుకున్న గుడ్డంత కన్నంలోంచి ఎండ లోపలికి వస్తుంది. బావ్‌షెంగ్ స్టూలు మీద కూర్చుని గుడ్డుని ఆ కన్నానికి పట్టి చూస్తాడు. కానీ ఆ గుడ్డు అప్పటికే రుయ్‌లన్ రెప్ప మీదుగా వచ్చి ఉంటుంది. గాబులోంచి తీసిన కాసేపటికి చచ్చింది చల్లబడిపోతుంది. బతికింది తన వేడిని తను పట్టుకునుంటుంది. బతికినదాన్ని అతను చచ్చిందంటే ఆమె దగ్గుతుంది. అతను "ఆగు, మళ్ళీ చూద్దాం" అంటాడు.

ఆ దగ్గు నేర్పింది అత్తగారే. కాపరానికొచ్చిన కొత్తలో రుయ్‌లన్ బేరగాళ్ళ ముందు "అది బతికుందండీ" అనేసింది. అత్తగారు వంటింట్లోకి లాక్కెళ్ళి చేతిమీద గిల్లింది. "మగాణ్ణి నలుగురిలో తప్పుపడతావా? దగ్గు, చాలు. మీ మామగారి వెనకాల నేను ముప్ఫై ఏళ్ళు దగ్గలేదూ?" అప్పట్నుంచీ జనం చూసేలా పటికబెల్లంతో బేరి పండు ఉడికించి పెడుతోంది, కోడలి దగ్గుకి మందని.

పాంగ్ మేడమ్ వచ్చింది. గది చీకటైంది. రుయ్‌లన్ మూడుసార్లు దగ్గేసరికి ఆవిడ, "డాక్టరుకి చూపించలేదా అమ్మా?" అంది.

"అది దాని పుట్టుదగ్గు మేడమ్," అన్నాడు బావ్‌షెంగ్.

గుమ్మం దగ్గర ఉడికించిన బేరి పళ్ళ గిన్నె పట్టుకుని నిలబడ్డ అత్తగారు అందుకుంది. "చెట్లకి చెట్లు మింగింది, తగ్గితేనా!"

తర్వాతి గుడ్డు రుయ్‌లన్ రెప్ప మీద వెచ్చగా ఉంది. అందించింది. "చచ్చింది," అన్నాడతను, ఆమె వైపు చెవి పెట్టి.

ఆమెకి దగ్గు రాలేదు. తెప్పించుకునే ఓపిక లేదు. గుడ్డు పక్క బుట్టలో పడింది. సాయంత్రానికి ఆ బుట్ట వీధి చివర గుడ్లని పుల్లలకి గుచ్చి కాల్చి అమ్మేవాడి దగ్గరికి పోతుంది. పొద్దున గ్వాన్‌యిన్ అమ్మవారికి అగరొత్తి వెలిగించి, ఏ ప్రాణానికీ నా చేతుల్లో కీడు జరగకూడదు తల్లీ అని మొక్కింది. ఏటా మొక్కే మొక్కే. మరి ఆ తల్లి అడిగినప్పుడు ఏం చెబుతుంది? దగ్గాను తల్లీ, అనా?

రుయ్‌లన్ వంగి బుట్టలోంచి ఆ గుడ్డు తీసింది. పక్కనే ఉన్న చల్లటిదాన్ని కూడా తీసింది.

"మేడమ్, కళ్ళు మూసుకోండి."

"చీకట్లో ఏంటే ఈ వేషాలు?" బావ్‌షెంగ్ స్టూలు మీంచి సగం లేచాడు.

పాంగ్ మేడమ్ అప్పటికే కళ్ళు మూసుకుంది. రుయ్‌లన్ ఒక్కో రెప్పకి ఒక్కో గుడ్డు ఆనించింది.

"ఇది వెచ్చగా ఉందే," అంది మేడమ్. "ఇది బతికుంది కదూ?"

"బతికుంది."

మేడమ్ కళ్ళు తెరిచి స్టూలు వైపు చూసింది, రుయ్‌లన్ వైపు చూసింది. "మరి మీ దగ్గు..." అని ఆగిపోయింది.

గుమ్మంలో గిన్నె చప్పుడైంది. రుయ్‌లన్ గుడ్డుని ఊకలో పెట్టి కప్పి, అత్తగారి దగ్గరికి వెళ్ళి ఆ గిన్నె అందుకుంది.

"ఇంక బేరి పళ్ళు ఉడికించకండి అత్తయ్యా. నాకు దగ్గు లేదు," అంది మెల్లగా. "మీకూ ఎప్పుడూ లేదు."