ఖాళీ వలలో వాటా

సారంగు అంటే సారం పోయి రంగు మిగిలినవాడే అయుంటాడు, అనుకుంటూ బోటు నడిపే సారంగు సూరన్న పెద్దవల తాడు లాగుతున్నాడు, ముందు వరహాలు వీపు, వెనక జోగమ్మ ఊపిరి, ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు దారిన పోయేవాడెవడైనా తాడు మీద చెయ్యి వేస్తే వాడికీ ఒక వాటా, అది పేటలో తాతల నాటి కట్టు, అందుకే హార్బరులో బోటు కట్టేసి కళ్ళనిండా నిద్రతో ఇంటికి పోతున్నవాణ్ణి, ఏరా బోటు బాబూ, ఒక సెయ్యెయ్యి, నీ సేతులేటి అరిగిపోవులే అని వరహాలు కేకేస్తే చొక్కా విప్పి దిగాడు, దిగాక తెలిసింది తాడు తేలిగ్గా వస్తోందని, రాకూడనంత తేలిగ్గా వస్తోందని, ఎందుకలా వస్తోందో ఈ ఒడ్డున తనొక్కడికే తెలుసు, దాంతో నిద్ర కాస్తా ఎగిరిపోయింది.

తెల్లారగట్ట ఇవే నీళ్ళు, ఒడ్డున కుక్క అరిస్తే వినపడేంత దగ్గర్లో బోటు వల దించం అని సారంగులందరూ గంగాలమ్మ గుడి ముందు పేటకి మాటిచ్చారు, అందులో తన గొంతే పెద్దది, ఈ తెల్లారగట్ట కుక్క అరిచింది, వినపడింది, ఇంజను జోరు పెంచరా అన్నాడు, అంతే, కుక్క వినపడలేదు, మాట తప్పలేదు, ఆహా ఏం తెలివి, వల అడుగు గొలుసు ఇసకని గీక్కుంటూ పోయింది, రొయ్యతో పాటు గోరంత పిల్లచేపలు కూడా వచ్చాయి, రొయ్య బుట్టలోకి, చచ్చిన పిల్లలు నీళ్ళలోకి, మల్కాపురం రమణమూర్తిగారు బోటు కొన్నప్పటినుంచీ ఆయన జపమంతా రొయ్య కొనే జపానే, రొయ్య లేకుండా వచ్చీసినావంటే నీ సోటుకి పదిమందున్నారు సూరన్నా అన్నాడు మొన్న, బోటు పోతే చోటు పోతుంది, చోటు పోతే నోటికి కూడు పోతుంది, ఈ ప్రాసలన్నీ బాగానే కుదురుతాయి, తెల్లారగట్ట చేసిన పనికే ఏదీ కుదరటం లేదు.

వల సంచి ఒడ్డెక్కింది, నాచు, ఇసక, నాలుగు కవళ్ళ చేపలు, పేట పెద్ద గురువులు గెడ్డం గోక్కుని, ఎవులో తాడు దాటినార్రా, అమ్మోరు అలిగినాది అన్నాడు, అమ్మోరు ఎందుకలుగుతుంది తాతా, అలిగేలోగా నేను ఊడ్చేశాను గదా, ఇది సూరన్న లోపలే అనుకున్న మాట, బయటికి దగ్గొక్కటే వచ్చింది, ఈలోగా వరహాలు పెళ్ళాం రామలక్ష్మమ్మ, నిన్న జోగమ్మ దాటినాది, నా కళ్ళతో నాను సూసినాను అంది, మొగుడు పోయిన మనిషి తాడు దాటితే ఇంకేటి మిగుల్తాది అంది, నెత్తిమీద గంపుంటే ఒంగలేక దాటినాను పెద్దా, అమ్మోరికి ఆమాత్రం తెల్దా అంది జోగమ్మ, తెలుసు గాబట్టే సంచి ఇలాగున్నాది అన్నాడు వరహాలు, ఇద్దరు నవ్వారు, గురువులు నవ్వలేదు, అమ్మోరి పండగ దాకా జోగమ్మ తాడు ముట్టకూడదు అన్నాడు, అంటే వాటా లేదు, వాటా లేకపోతే గంప లేదు, గంప లేకపోతే తగరపువలస సంత లేదు, పొయ్యిలో పిల్లి లేవదు, జోగమ్మ మొగుడు తనకి తెప్ప మీద జోడీ, తను తెడ్డు వేస్తే వాడు వల వేసేవాడు, పసికర్లొచ్చి పోతూ పోతూ నా ఇంటిదాన్ని సూడరా అన్నాడు, చూస్తున్నాను గదరా, నిలబడి మరీ చూస్తున్నాను.

సాయంత్రం చాటుగా ఓ బుట్టెడు రొయ్యలు ఆవిడ గుమ్మంలో పెట్టేస్తే పోలేదా, పోతుంది, పండగ దాకా రోజూ పెడితే ఇంకా బాగా పోతుంది, కానీ ఆ రొయ్యలు ఎక్కణ్ణుంచి తెస్తావురా, మళ్ళీ ఇక్కణ్ణుంచే గదా, ఇంతలో గురువులు ఆ కాస్త చేపనే కుప్పలు పెట్టి, సూరన్న సెయ్యేసినాడు, ఆడికీ వాటా, మనోడే గదా అంటూ రెండు కవళ్ళు చేతిలో పెట్టాడు, జోగమ్మ ముందునుంచి గురువులు చెయ్యి ఆగకుండా దాటిపోయింది, మనోడు అన్న మాట చేప కంటే చల్లగా తగిలింది, ఇంతకాలం రమణమూర్తికి జడిశాననుకున్నాడు, కాదు, ఈ మాట పోతుందనే జడుపు, జోగమ్మ తిట్టుంటే, ఇసక ఎత్తి పోసుంటే, నోరు మూసుకుని ఇంటికి పోదును, ఆవిడ తిట్టలేదు, తలొంచుకుని తన పాదాలు తనే చూసుకుంటోంది, ఎప్పుడూ చూడని పాదాల్లాగా, తరవాత దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది, మరిదీ, నిజింగా నా వల్లేనంటావా.

నమ్మేస్తోంది, అదీ సంగతి, ఇంకో గడియ ఊరుకుంటే పూర్తిగా నమ్మేస్తుంది, సముద్రంలో ఊడ్చింది రేపో మాపో మళ్ళీ పుడుతుందేమోగానీ, ఈ మనిషికి తనమీద తనకున్న నమ్మకం ఊడ్చేస్తే ఏ ఆటుకీ ఏ పోటుకీ తిరిగి రాదు, కాదొదినా అని తప్పుకోవచ్చు, ఎవరి వల్లో చెప్పకుండా కాదంటే అది సగం కాదనడమే, మిగతా సగం ఆవిడ మెడకే చుట్టుకుంటుంది, సూరన్న గురువులుకి కూడా వినపడేలా, కాదొదినా, నా వల్ల, అన్నాడు.