జంగప్ప లారీ, సైరా డీబగ్గర్

ఎనభై తొమ్మిదిలో తాండూరు సిమెంటు ఫ్యాక్టరీ కాటా మీదికి జంగప్ప నడిపే లారీ ఎక్కిందంటే చాలు, మా కంప్యూటర్ ఆగిపోయేది. మిగతా లారీలన్నీ చక్కగా తూగేవి. డ్రైవర్లు దానికి శనిబండి అని పేరు పెట్టి, వరుసలో దాని వెనక నిలబడడమే మానేశారు. చివరికి మేనేజరు కూడా సోమవారం నుంచి దాన్ని గేటులోకి రానీయొద్దన్నాడు.

"బండి బందయితె నా బతుకు పోతది బిడ్డా," అని జంగప్ప సైరా ముందు ఏడ్చేశాడు. కంప్యూటర్ గదిలో పనిచేసేది సైరా, నేనూ ఇద్దరమే.

కాటా ప్రోగ్రాం హైదరాబాదు వాళ్లు రాసింది. ఎన్నిసార్లు చదివినా తప్పు దొరకలేదు. ఎక్కడ కూలుతోందో చూపే డీబగ్గర్ మాకు లేదు. సైరా స్నేహితురాలు ఒక టేపు పంపింది. అందులో ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే ఒక కంపైలర్, ఒక డీబగ్గర్, వాటి అసలు రాతతో సహా ఉన్నాయి. ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, పంచొచ్చు. కట్టుకోవలసింది మాత్రం మనమే. పాత కంపైలర్‌తో కొత్తదాన్ని కట్టాలి. ఆ కొత్తదానితో మళ్లీ దాన్నే కట్టాలి, దానితో మరోసారి. చివరి రెండూ అచ్చంగా ఒకటే అయితేనే నమ్మాలి.

శనివారం పని మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక ఆగిన చోటి నుంచే నడిపించాం. చివరికి ఒక్క ఫైలులో తేడా వచ్చింది.

"ఒక్కటే కదా, నడిపియ్యి!" అని అరిచాను.

"కరెంటు పోయినప్పుడు ఇంకేవేవి సగంల ఆగినయో ఏం తెలుసు శేఖర్ సాబ్? దీన్నే నమ్మలేకుంటే, ఇది చూపెట్టే తప్పును ఎట్ల నమ్ముత?" అంటూ సైరా అంతా తుడిచేసి మొదటికొచ్చింది. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఆదివారం రెండూ సరిపోయాయి. సైరా ఆ కంపైలర్‌తో డీబగ్గర్ కట్టి, కాటా ప్రోగ్రాంను దాని కింద నడిపించి, జంగప్ప లారీ వివరాలు కొట్టింది. ప్రోగ్రాం కూలిన వరుస తెర మీదికి రాగానే పకపకా నవ్వింది. లారీ యజమాని పేరుకు ప్రోగ్రాంలో ఇచ్చిన చోటు చిన్నది. సయ్యద్ ఖాజా ఇమాముద్దీన్ కొడంగల్‌వాలా అందులో పట్టక, పక్కనున్న లెక్కల మీద పడుతున్నాడు!

సైరా ఆ చోటును పెంచి, సోమవారం పట్టుబట్టి మేనేజరును ఒప్పించింది. లారీ కాటా ఎక్కింది. తూకం చీటీ టకటకా అచ్చయింది.

జంగప్ప చీటీ వైపు చూడలేదు. దూరంగా ఆగిన లారీల వైపే చూస్తున్నాడు.

"నా బండిల తప్పు లేదని గా డ్రైవర్లకు నువ్వు జర చెప్పు బిడ్డా. నేను చెప్తె నమ్మరు."

సైరా చున్నీ నడుముకు బిగించి, అందరూ చూస్తుండగా ఆ లారీ ఎక్కి అతని పక్కన కూర్చుంది.

"నడువు కాకా," అంది.

లారీ కాటా దిగింది. దాని వెనకాలే మరో లారీ కదిలి వచ్చింది.